తొంభై ఆరు గుంటలు

ఐస్‌క్రీం అమ్మే తెల్ల డబ్బాలో వచ్చాయి మూడు కోళ్ళు
పూతలపట్టు పక్కన ఏదో పల్లె నుంచి, అద్దె ఆటోలో.
తురాయిలు నేరేడుపండు రంగు.
"నిన్న పొద్దున మేత తినింది పాపా,
మాపటికి మెడ వాల్చేసింది"
కిటికీ అవతల దేశమ్మ.
కిటికీ ఇవతల నేను, రెండు జతల గ్లౌజుల్లో,
ముక్కూ నోరూ లేని మొహంతో.

నా చేతిలో ఉన్న ఈ చిన్న సీసా
ఒక ఎలుక జ్ఞాపకం.
అది చచ్చి ఎన్నేళ్ళయిందో చీటీ మీద రాయలేదు.
కోడిని చూసిన ఎలుక కాదు, కోడికూత విన్నది కాదు.
వైరసు ముక్క ఒకటి సూదితో గుచ్చితే
దాని ఒంపూ దాని గరుకూ
ఒళ్ళంతా గుర్తుపెట్టుకుని పోయింది.
దాని కణాలు ఎక్కడో ఏదో ఊరి గాజుబుడ్డిలో
ఇంకా ఆ ఒక్క పాఠమే వల్లిస్తున్నాయి,
బడి వదిలేశారని ఎవరూ చెప్పని పిల్లల్లాగా.

పంగలకర్ర ఆకారం యాంటీబాడీది.
అయినా ఉండేలు కాదు, రాయి విసరదు.
పట్టుకోవడం ఒక్కటే వచ్చు దానికి.

మా తాతయ్యగుంట గంగమ్మ
జాతరలో రోజుకో వేషం కడుతుంది,
దాక్కున్న పాళెగాణ్ణి వెతకడానికి.
బైరాగి, బండ, తోటి, చివరికి దొర.
ఇక్కడ కథ తిరగబడింది.
వేషాలు కట్టేది పాళెగాడే.
ఏటికో కొత్త తలపాగా, కొత్త మీసం.
వెతికేవాళ్ళం మాత్రం ఎప్పుడూ ఇదే తెల్లకోటులో.
అందుకే ముందు వాడి బట్టలు నమ్మం.
కవచం కరిగించి లోపల
ఆర్‌ఎన్‌ఏని చుట్టుకుని పడుకున్న ప్రొటీను కోసం తడుముతాం.
తలపాగా మార్చినంత తేలిగ్గా
వెన్నెముక మార్చుకోలేడు కదా.
అది దొరికాకే తలపాగా సంగతి,
హెచ్ ఐదా, తొమ్మిదా.

ప్లేటులో తొంభై ఆరు గుంటలు.
దేశమ్మ కోళ్ళవి ఆరు.
మూత వేసి ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టాను.
పొదిగే కోడి పొట్ట కింద కూడా
ఇంచుమించు ఇదే వెచ్చన.
ఈ మాట ఎవరితో అనాలో తెలీక
గడియారం చూస్తూ కూర్చున్నా.

కడగడం. కాగితం మీద బోర్లించి తట్టడం. మళ్ళీ కడగడం.
మూడోసారికి కరెంటు పోయింది,
ఇన్వర్టరు ఒక్క మూలుగు మూలిగి అందుకుంది.
మొదటిది గట్టిగా పట్టుకుని ఉంటే
రెండోది రంగు తెచ్చి దాని పక్కన నిలబడుతుంది.
ఎవరూ దొరక్కపోతే రంగు నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది.

కొట్టుకుపోలేదు.
మొదట నీలం, వంకాయ తొడిమ దగ్గర ఉండేటంత.
ఆమ్లం చుక్క పడగానే
పసుపు.
ఆరు గుంటలూ పసుపు,
తలుపు గడపకు రాసినంత చిక్కగా.

హెచ్ ఐదు ప్లేటు కూడా అదే మాట చెప్పింది.
కాగితం మీద మాత్రం నేను రాయాల్సింది
"అనుమానాస్పదం, భోపాల్‌కు పంపడమైనది".
అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా నోరు విప్పకూడదు.
చచ్చిన ఎలుక దాపరికం లేకుండా చెప్పేసింది.
జీతం తీసుకునే నేను
"ఇంకా తెలీదమ్మా" అన్నాను.

"పదకొండు వందలు ఉండాయి పాపా, గుడ్డు పెట్టేవి.
ఒక పుంజును గంగమ్మకని విడిచిపెట్టినా.
అదొక్కటన్నా..."
మాట మధ్యలో ఆపి
గట్టు మీద ఒక గంప పెట్టింది.
ఊక పరిచి, డజను గుడ్లు.
"కడిగే తెచ్చినాలే."

వద్దనలేదు. తాకలేదు.
అద్దంలోంచి నా వెనక బల్ల మీదికి చూసి
ఆమే అడిగింది:
"ఆ పసుపు మా కోళ్ళదేనా?
పసుపంటే మంచిదే కదమ్మే?"

ఆమె వెళ్ళాక
ఎర్ర సంచి మూతి విప్పి
గుడ్లు ఒక్కొక్కటే దించాను, పగలకుండా,
పగిలితే ఏమవుతుందో తెలిసీ కాదు,
ఊరికే.
పదమూడు ఉన్నాయి.